కింద అంటే ఎక్కడ?

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది వేసవిలో నన్ను విశాఖపట్నం జిల్లా వినియోగదారుల కమిషన్‌కి శిరస్తదారుగా వేశారు. అంతకుముందు నా ఉద్యోగమంతా సివిల్ కోర్టుల్లోనే గడిచింది. శిరస్తదారు అంటే ఆఫీసు సిబ్బందికి పెద్ద. వచ్చిన ఫిర్యాదు సక్రమంగా ఉందో లేదో చూడడం, దాఖలైన కాయితాలకి గుర్తులు వేయించడం, కేసు పిలిచినప్పుడు బెంచికి ఫైలు అందించడం, సాక్షి తెలుగులో చెప్పింది స్టెనోకి ఇంగ్లీషులో అందేలా చూడడం నా పనులు. బెంచి మీద ప్రెసిడెంటు, ఇద్దరు సభ్యులు కూర్చోవాలి. ఆ ఇద్దరిలో ఒకరు ఆడమనిషి కావాలి. నేను చేరేనాటికి ఆవిడ పదవీకాలం అయిపోయి కుర్చీ ఖాళీగా ఉంది. పాత కేసుల జాబితాలు పెట్టుకోవడానికి దాన్ని వాడుకుంటున్నారు.

నా చేతికి వచ్చేసరికే ఈ కేసుకి నంబరు పడి ఉంది. అట్ట మీద ఎవరో ఎర్ర సిరాతో ‘అగ్నిప్రమాదం, గ్రౌండ్ ఫ్లోరు’ అని రాసిపెట్టారు. ఎదుటి పక్షం పూర్ణా మార్కెట్ దగ్గర ఒక మేడ మీద రెండో అంతస్తులో ఉన్న ఆడవాళ్ళ క్లినిక్. కాన్పుల తర్వాత వదులైన చోట కుట్లు సరిచేసి, లేజర్ పెట్టి, బిగువూ అందమూ తెప్పిస్తామని, మధ్యాహ్నం వచ్చి సాయంత్రానికి ఇంటికి వెళ్ళిపోవచ్చని సిటీ బస్సుల వెనక ప్రకటనలు వేసుకునేవాళ్ళు. ఫిర్యాదిదారు పేరు పార్వతి. పద్మనాభం మండలం నుంచి రోజూ బస్సులో వచ్చి, ఊళ్ళో ఒక బట్టల షోరూములో క్యాషు కౌంటరు మీద కూర్చునే అమ్మాయి.

పార్వతి లాయరు ఎలమంచిలి నుంచి వచ్చేవారు. జుట్టు నెరిసిన పెద్దమనిషి, మంచివాడే. కానీ ఆయన జీవితమంతా భూతగాదాలే. గట్లు, సరిహద్దులు, సర్వే నంబర్లు తప్ప మరో కేసు పట్టిన మనిషి కాదు. పార్వతి భర్త వైపు చుట్టరికం వల్ల ఈ కేసు ఆయన నెత్తిన పడింది. పార్వతి తెలుగులో రాసిచ్చిన మూడు పేజీలని ఆయన సిగ్గుతో చదవలేక, గుమాస్తా చేత ఫోనులో ఏదో యాప్‌లో పెట్టించి, వచ్చిన ఇంగ్లీషుని ఉన్నదున్నట్టు టైపు చేయించి దాఖలు చేసేశారు. పార్వతి రాసింది ఇది: ‘మిషను పెట్టినప్పుడు నాకు కింద కాలిపోయింది. కింద చర్మం ఊడి వచ్చింది. అప్పట్నుంచి కింద నొప్పితో కూర్చోలేకపోతున్నాను.’ యాప్ గారు ప్రతి ‘కింద’నీ ‘డౌన్‌స్టెయిర్స్’ చేసి కూర్చున్నారు.

క్లినిక్ తరఫు లాయరు గారు ఊళ్ళో పేరున్న మనిషి. ఇంగ్లీషూ తెలుగూ రెండూ ఆయనకి మంచినీళ్ళ ప్రాయం. కింద అంటే ఏమిటో ఆయనకి తెలియదంటే నేను ఛస్తే నమ్మను. అయినా ఆయన వేసిన సమాధానం చదివి నేను టీ గ్లాసు పక్కన పెట్టేశాను. మా క్లినిక్ రెండో అంతస్తులో ఉంది, కింది అంతస్తుతో మాకు ఏ సంబంధమూ లేదు, అక్కడ పరుపుల దుకాణం ఉంది అని మొదటి మాట. కింద ఊడినది చర్మం కాదు, గోడ గచ్చు అయి ఉంటుంది, అది మేడ యజమాని చూసుకోవాలి అని రెండోది. కింద కూర్చోవడానికి కుర్చీలు వెయ్యడం క్లినిక్ బాధ్యత కాదు అని మూడోది. వీటికి తోడు ఆ పేటలో ఎక్కడా నిప్పు అంటుకున్నట్టు తమకు కబురు రాలేదని అగ్నిమాపక కేంద్రం నుంచి ఒక ఉత్తరం తెచ్చి జతచేశారు.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. చివరి పేరాలో మాత్రం నవ్వు ఆగిపోయింది. ఒకవేళ ఫిర్యాదిదారు ఒంటి మీద ఏదైనా పుండు ఉంటే అది కాలిన గాయం కాదు, బయటినుంచి అంటుకున్న జబ్బు, ఆ సంగతి ఆమె భర్తకి ముందే తెలియజేశాం అని రాశారు. అంటే కేసంతా ఆ ఒక్క అంటుకోవడం మీద ఉంది. మంట అంటుకుందా, జబ్బు అంటుకుందా అన్నది తేలాలి. కానీ కమిషన్ హాల్లో తేలుస్తున్నది పరుపుల దుకాణం అంటుకుందా లేదా అని.

అవసరమైన పక్షాన్ని చేర్చలేదని క్లినిక్ లేవదీసిన అభ్యంతరం మీద ఆ దుకాణం యజమాని జిలానీ సాహెబ్‌ని రెండో ఎదుటి పక్షంగా చేర్చమని నేను రాకముందే ఉత్తర్వు అయిపోయింది. నేను బెంచి ముందు నిలబడిన మొదటి వాయిదాకే ఆయన వచ్చాడు. తెల్ల లాల్చీ, చెవిలో అత్తరు దూది, చేతిలో ట్రేడ్ లైసెన్సు. లాయర్ని పెట్టుకోలేదు. చెయ్యని పాపానికి లాయరు దేనికని ఆయన వాదన.

"మా తాత పెట్టిన దుకాణం సాబ్. లోపలంతా దూదే. బీడీ కాల్చేవాణ్ణి మెట్టు కూడా ఎక్కనివ్వను. కాలిందని నోటీసు వచ్చిందగ్గర్నుంచి మా బేగం నాతో మాట్లాడడం లేదు, నిజం దాచిపెట్టానంటుంది!"

ప్రెసిడెంటు గారు జిల్లా జడ్జీగా చేసి రిటైరైన మనిషి. ఎంత నెమ్మదస్తుడంటే, గుమాస్తాని కూడా మీరు అనేవారు. ఆ సాయంత్రం నేను, ఫిర్యాదు వెనక గుర్తు పడకుండా ఉండిపోయిన పార్వతి తెలుగు కాయితం పట్టుకుని ఆయన గదిలోకి వెళ్ళాను. ఇది దుకాణం సంగతి కాదండీ, ఆ అమ్మాయి శరీరం సంగతి అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, నాకు తెలుసమ్మా అన్నారు. తెలిసి మరి? రికార్డులో లేదు కదమ్మా అన్నారు. రికార్డులో ఉన్న మాట డౌన్‌స్టెయిర్స్, దాన్ని మార్చాలంటే ఫిర్యాదిదారు సవరణ పిటిషను వేసుకోవాలి, మేం మా అంతట మేము ఊహించకూడదు అని చాలా మర్యాదగా చెప్పారు. నాకు ఒళ్ళు మండిపోయింది. మగవాళ్ళందరికీ ఆ మాట పలకడం కన్నా దుకాణం తగలబడడమే సుఖంగా ఉన్నట్టుంది.

ఎలమంచిలి లాయరు గారిని వరండాలో పట్టుకుని, సవరణ వెయ్యండి, అవయవం పేరు రాయండి, అయిపోతుంది అన్నాను. ఆయన ముఖం కందిపోయింది. "నాకు ఆడపిల్లలున్నారు మేడం" అన్నారు. ఆడపిల్లలుంటే మరీ రాయాలి కదండీ అన్నాను. సరే సరే అని రైలు టైమైపోతోందని వెళ్ళిపోయారు. తర్వాతి వాయిదాకి సవరణ వచ్చింది. ఆయనకి చేతనైన భాషలో రాశారు పాపం. ‘పై ఫిర్యాదులో కింద అని చెప్పబడిన స్థలము ఫిర్యాదిదారు సొంతమైనదియు, ఆమె సంపూర్ణ స్వాధీన అనుభవములో ఉన్నదియు, ఆమె అనుమతి లేనిదే ఇతరులకు ప్రవేశము లేనిదియు అయి ఉన్నది.’

క్లినిక్ లాయరు గారు లేచి, అలాగైతే ఫిర్యాదిదారు ఆ కింది స్థలం తాలూకు హక్కు దస్తావేజులు దాఖలు చెయ్యాలి అన్నారు. ముఖంలో చిన్న నవ్వు కూడా లేదు. జిలానీ సాహెబ్ బెంచీ మీంచి ఒక్క గెంతు గెంతాడు.

"అరే! ఇప్పటిదాకా కాలిందన్నారు, ఇప్పుడు ఆమెదే అంటున్నారా? నా దుకాణం ఆమెదెలా అవుతుంది సాబ్?"

ప్రెసిడెంటు గారు వాయిదా వేసేశారు.

హాల్లో కేసు పిలిచేదాకా కక్షిదారులు చెక్క బెంచీల మీద కూర్చోవాలి. పార్వతి కూర్చునేది కాదు, గోడకి చేరగిలబడి నిలబడేది. కొంతసేపటికి ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదకి బరువు మార్చుకునేది. జిలానీ సాహెబ్ ఇది చూస్తూనే ఉన్నాడు. ఆ తర్వాతి వాయిదాకి సంచిలో కొత్త దూది దిండు ఒకటి తెచ్చి బెంచీ మీద పెట్టి, "కూర్చో బేటీ, కేసు సంగతి తర్వాత చూసుకుందాం" అన్నాడు. పార్వతి కూర్చుంది. క్లినిక్ లాయరు గారు వెంటనే లేచి, ఫిర్యాదిదారుకీ రెండో ఎదుటి పక్షానికీ లోపాయికారీ ఒప్పందం ఉందని, దిండు దానికి రుజువని చెప్పారు. దిండుకి గుర్తు వెయ్యాలా అని స్టెనో సూర్యారావు నన్ను చెవిలో అడిగాడు. నోరు మూసుకోమన్నాను.

ఆ రోజే భోజన విరామంలో పార్వతితో మొదటిసారి మాట్లాడాను. సిబ్బంది కక్షిదారులతో కేసు మాట్లాడకూడదు. నేను కేసు మాట్లాడలేదు, నీకు ఎలా ఉందమ్మా అని అడిగాను. ఎవరైనా అడుగుతారా అని కాచుకుని ఉన్నట్టు చెప్పేసింది.

"నాను అందం కోసమే ఎల్లాను మేడం. అబద్దం ఎందుకు సెప్పాల? ఇద్దరు పిల్లలు పుట్టీసినాక నాకూ ఓ ముచ్చట ఉండదా ఏటి? మా ఆయనే బండి మీద తెచ్చి దింపినాడు. డాట్రమ్మ లేదు, ఎవులో టెక్నీషియనంట, ఆడే పెట్టినాడు మిషను. కాలతంది కాలతంది అని అరిస్తే, కొద్దిగా ఓర్సుకో అన్నాడు. తిరిగి ఎల్తే డాట్రమ్మ ఏటందో తెలుసా? ఇది కాలింది కాదు, ఎక్కడో అంటించుకున్నావు అంది. అదీ మా ఆయన ముందల."

"ఆయనేమన్నాడు?"

"ఏటీ అనలేదు. అక్కడే నాకు సావొచ్చింది. ఇంటికెల్లి మా అత్తకి సెప్పీసినాడు. మా అత్త నా గలాసూ కంచమూ ఏరు సేసీసినాది మేడం. పిల్లలకి నా సేత్తో ముద్ద పెట్టనీదు. డబ్బులు గిబ్బులు నాకేటీ వొద్దు. కాలింది అని సారు ఒక్క ముక్క రాస్తే సాలు."

ఫిర్యాదు కొట్టేస్తే ఆమెకి ఇంకో దారి లేదు. మళ్ళీ కొత్తగా వేసుకోవడానికి చట్టం ఇచ్చిన రెండేళ్ళ గడువు అప్పటికే దాటిపోయింది. ఈ రికార్డు ఇలాగే నడిస్తే రేపు వచ్చే తీర్పు ఏమిటి? కింద ఏమీ కాలలేదు అని. జిలానీ సాహెబ్‌కి ఊరట, పార్వతికి కాలలేదంటే ఇక మిగిలేది జబ్బే.

వినియోగదారుల కేసుల్లో సాక్ష్యం మామూలుగా ప్రమాణపత్రాల మీదే నడుస్తుంది, మనిషిని నిలబెట్టి అడగడం తక్కువ. కానీ ఆ సవరణ చేసిన గందరగోళం చూశాక ప్రెసిడెంటు గారు పార్వతిని స్వయంగా విచారించాలన్నారు. తలుపులు వెయ్యమన్నారు. సంబంధం లేనివాళ్ళని బయటికి పొమ్మన్నారు. వేరే కేసుల లాయర్లందరూ బయటికి వెళ్ళి కిటికీల దగ్గర నిలబడ్డారు.

క్లినిక్ లాయరు గారు మొదలుపెట్టారు. మీరు చెప్పిన కింద అనేది మా క్లినిక్ ఉన్న అంతస్తుకి కిందా, ఇంకా కిందా అని అడిగారు. పార్వతి ఆయన్ని ఎగాదిగా చూసింది.

"నా కింద సారూ. మేడ కింద కాదు."

ప్రెసిడెంటు గారు గొంతు సవరించుకుని, ఫిర్యాదిదారు కింది భాగము అని స్టెనోకి చెప్పారు. లాయరు గారు లేచారు. కింది భాగం అంటే నడుము కింద నుంచి కాలి గోళ్ళ దాకా ఏదైనా కావచ్చు, పాదం కాలిందంటే మిషనుకీ పాదానికీ సంబంధం ఏమిటి అన్నారు. సరే, రహస్య స్థలము అని రాసుకోండి అన్నారు ప్రెసిడెంటు గారు. ఎలమంచిలి లాయరు గారు హమ్మయ్య అన్నట్టు తల ఊపారు. క్లినిక్ లాయరు గారు మళ్ళీ లేచి, రహస్య స్థలం అనేది ఫిర్యాదులో ఎక్కడా లేదు, ఇది కొత్త స్థలం అన్నారు. వెనక బెంచీ నుంచి జిలానీ సాహెబ్, నా దుకాణం వెనక ఒక గది ఉంది గానీ అందులో రహస్యం ఏమీ లేదు సాబ్, నమాజు చేసుకుంటాను అని చెప్పుకున్నాడు. సూర్యారావు కలం ఎత్తి పట్టుకుని అందరి ముఖాలూ చూస్తున్నాడు.

పార్వతి నా వైపు తిరిగింది.

"మేడం, పుస్తకాల్లో దాన్ని ఏటంటారు? మా ఇళ్ళల్లో అనే మాట ఇక్కడ అనకూడదు గదా. రాసుకోడానికి పనికొచ్చే మాట సెప్పండి."

సాక్షికి మాట అందించడం దుబాసీ పని కాదు. నేను ప్రెసిడెంటు గారి వైపు చూశాను. ఆయన బల్ల మీద ఉన్న నీళ్ళ గ్లాసు వైపు చూస్తున్నారు. ఇంకెంతసేపు ఈ దాగుడుమూతలు అనిపించింది. "యోని" అన్నాను. కిటికీల దగ్గరి వాళ్ళకి కూడా వినిపించేలాగానే అన్నాను. సాక్షికి మాట అందిస్తున్నారని క్లినిక్ లాయరు గారు అభ్యంతరం చెప్పారు. అప్పటికి ప్రెసిడెంటు గారికి కూడా ఓపిక పోయినట్టుంది. మీ దగ్గర ఇంకో మాట ఉంటే మీరే అందించండి అన్నారు. లాయరు గారు కూర్చున్నారు.

పార్వతి ఆ మాటని ఒకసారి తనలో తను అనుకుని, తలెత్తి చెప్పింది.

"సారూ, నా యోని కాలింది. ఆల మిషను పెట్టి కాల్సినారు. ఇంక ఆ పరుపుల కొట్టు గొడవ వొగ్గీండి."

సూర్యారావు అటు చూసి ఇటు చూసి, ఇంగ్లీషు స్పెల్లింగు చెప్పమన్నాడు. చెప్పాను. అక్షరం అక్షరం విడదీసి చెప్పాను. ఎలమంచిలి లాయరు గారు చేతిరుమాలుతో ముఖం తుడుచుకుంటూ, మొత్తానికి రికార్డులోకి వచ్చేసింది అని నిట్టూర్చారు. జిలానీ సాహెబ్ మాత్రం రెండు చెవులూ పట్టుకుని, తౌబా తౌబా, ఇన్నాళ్ళూ ఈ పిల్ల గురించా మీరందరూ నా దుకాణాన్ని ఇందులోకి లాగింది అన్నాడు.

మాట రికార్డులో పడ్డాక మిగతా పని తిన్నగా నడిచింది. కమిషన్ కోరిక మీద ప్రభుత్వ స్త్రీల ఆసుపత్రి వాళ్ళు లేడీ డాక్టర్లతో ఒక బోర్డు వేసి పార్వతిని పరీక్షించారు. వేడి వల్ల కాలి మానిన మచ్చలే తప్ప జబ్బు ఆనవాలు ఏదీ లేదని నివేదిక ఇచ్చారు. క్లినిక్ లాయరు గారు అప్పుడు దారి మార్చి, ఫిర్యాదిదారు చర్మం సున్నితమైనది అన్నారు. గోడ గచ్చు సున్నితం ఎలా అవుతుందండీ అని ప్రెసిడెంటు గారు అడిగారు. నేను చూసినంతలో ఆయన బెంచి మీద వేసిన వేళాకోళం అదొక్కటే.

తీర్పులో క్లినిక్ సేవాలోపం రుజువైందన్నారు. డాక్టరు లేకుండా టెక్నీషియను చేత చేయించడం నిర్లక్ష్యమన్నారు. ఫిర్యాదిదారు యోనిపై గాయం లేజర్ వల్ల కాలిన గాయమే గానీ అంటువ్యాధి కాదని విడిగా ఒక పేరాలో రాశారు. రెండో ఎదుటి పక్షం మీద కేసు కొట్టేశారు. కొట్టేస్తే చాలదు, నా దుకాణం కాలలేదని కూడా రాయాలి, బేగంకి చూపించాలి అని జిలానీ సాహెబ్ పట్టుబట్టాడు. అదీ ఒక వాక్యం రాశారు. ఒకే తీర్పులో ఏది కాలిందో, ఏది కాలలేదో రెండూ ఉన్నాయి.

పార్వతి తెలుగు ప్రతి కావాలంది. వాళ్ళత్తకి ఇంగ్లీషు రాదు. తెలుగు చేసింది నేనే, శుభ్రంగా టైపు కొట్టడం మాత్రం మా టైపిస్టుకి ఇచ్చాను. తెచ్చి ఇచ్చిన కాయితంలో, నేను యోని అని రాసిన ప్రతి చోటా ‘కింద’ అని ఉంది. ఇదేమిటయ్యా అంటే, ఆఫీసు ముద్ర పడే కాయితం కదా మేడం, కొంచెం మర్యాదగా ఉంటుందని అన్నాడు. నేను అరిచిన అరుపుకి పక్క సెక్షను వాళ్ళు కూడా వచ్చారు. ఆ కాయితం చింపేసి, నేనే కూర్చుని మళ్ళీ కొట్టి, ముద్ర వేయించి ఇచ్చాను.

కొన్నాళ్ళకి పార్వతి కనబడింది. షోరూములో చీర కొనడానికి వెళ్తే క్యాషు కౌంటరు మీద అదే దూది దిండు వేసుకుని కూర్చుని ఉంది. ఇంట్లో ఎలా ఉందని అడిగాను. అత్త ఆ పేరా రెండుసార్లు చదివించుకుందిట. భర్త ఆ రాత్రి ఏదో చెప్పబోయాడుట గానీ ఈ అమ్మాయి విననందిట. గ్లాసు సంగతి ఏమైందన్నాను.

"మా అత్త తెచ్చి కలిపీసినాది మేడం, అన్నిట్లోనూ. నానే తీసి మళ్ళీ ఏరుగా ఎట్టుకున్నాను. ఎవులూ ముట్టుకోవద్దని సెప్పీసినాను."

తర్వాత రిటైరయ్యేదాకా ఫిర్యాదుల కౌంటరు దగ్గర నేను పెట్టుకున్న పద్ధతి ఒకటే. ఆడవాళ్ళ చికిత్స మీద ఏ ఫిర్యాదు వచ్చినా ముందు అవయవం పేరు ఉందా లేదా చూసేదాన్ని. కింద, అక్కడ, ఆ స్థలము అని రాసుకొస్తే నంబరు ఇవ్వకుండా వెనక్కి ఇచ్చి, ఎక్కడ అన్నది పేరు పెట్టి రాసి తెమ్మనేదాన్ని. లాయర్లు గొణుక్కునేవారు. ఆడవాళ్ళు మాత్రం అక్కడే బల్ల మీద కాయితం పెట్టుకుని రాసి ఇచ్చేసేవారు.